పాత్రకు లోతు ఎలా తేవాలి: ఒక దస్తావేజు లేఖరిని ముందు పెట్టుకుని

కథ రాసి నలుగురికి చూపిస్తే తరచు వినిపించే మాట ఒకటుంది: "కథ బాగానే ఉంది కానీ పాత్రలో లోతు లేదు." ఆ మాట చెవిన పడగానే చాలామంది చేసే పని, పాత్రకు ఒక గతాన్ని తగిలించడం. తాగుబోతు తండ్రి, చిన్ననాటి పేదరికం, చెడిపోయిన ప్రేమ. కథ రెండు పేజీలు పెరుగుతుంది, పాత్ర మాత్రం ఎక్కడ ఉన్నది అక్కడే ఉంటుంది. ఆ మనిషి గురించి పాఠకుడికి సమాచారం పెరిగింది, అంతే. ఆలోచించవలసిన అవసరం ఏమీ పెరగలేదు.

నా లెక్కలో లోతంటే ఇది: ఒక మనిషి చేసిన పనికి పాఠకుడికి కనీసం రెండు కారణాలు తోచాలి. రెండూ నిజమే అనిపించాలి. వాటిలో ఏది ఎక్కువ నిజమో రచయిత తీర్పు చెప్పకూడదు. కింద రాసిన పనులన్నీ ఆ స్థితికి చేరడానికే. ఒకే పాత్రను మొదటి నుంచి కట్టుకుంటూ పోదాం. మీరూ కాగితం దగ్గర పెట్టుకుని, మీ మనసులో ఉన్న పాత్రతో అదే చేస్తూ రండి. చదివి పక్కన పెడితే ఇది పెద్దగా ఉపయోగపడదు.

1. ముందు పని ఇవ్వండి, గుణం సంగతి తర్వాత

"మంచివాడు, కాస్త పిరికివాడు" అని మొదలుపెడితే మీ చేతిలో ఉన్నవి రెండు విశేషణాలే. వాటిని పట్టుకుని ఒక్క సన్నివేశం కూడా రాయలేరు. రోజంతా ఆ మనిషి చేతులు ఏం చేస్తుంటాయో ముందు తేల్చుకోండి.

మన పాత్ర పేరు వీరభద్రం. ఒక చిన్న పట్టణంలో సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం ఎదుట దస్తావేజు లేఖరి. యాభై దాటాయి. వేపచెట్టు కింద రేకుల షెడ్డు, ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్, అతను చెబుతుంటే టైపు చేసే ఒక అమ్మాయి. అమ్మకం, దానం, భాగపంపిణీ, తనఖా, వీలునామా, ఏ కాగితమైనా రాస్తాడు. ఈసీ, అంటే ఆస్తి మీద ఉన్న లావాదేవీలు చూపే ధ్రువపత్రం, తీయిస్తాడు, చలానా కట్టిస్తాడు, సాక్షులు దొరక్కపోతే వాళ్లనూ వెతికి తెస్తాడు. నాలుగు హద్దులు రాయడంలో అతన్ని మించినవాడు ఆ ఊళ్లో లేడని పేరు. తూర్పున ఫలానా వారి భూమి, దక్షిణాన డొంక, పడమర పంట బోదె, ఉత్తరాన మరొకరి భూమి: ఈ నాలుగు ముక్కల్లో తప్పు దొర్లితే ఇరవై ఏళ్ల తర్వాత కోర్టులో కొట్టుకుంటారని అతనికి తెలుసు.

చూడండి, ఇంకా ఒక్క గుణం కూడా చెప్పలేదు. అయినా మనిషి కొంత కనిపిస్తున్నాడు. జాగ్రత్తపరుడు, ఇతరుల ఆస్తుల మధ్య బతికేవాడు, ప్రతి కుటుంబంలోని గొడవా తెలిసినవాడు. పని నుంచి గుణం దానంతట అదే వస్తుంది. గుణం నుంచి పనికి వెళ్లాలంటే కల్పించవలసి వస్తుంది, ఆ కల్పన పాఠకుడికి పట్టుబడుతుంది.

మీ పాత్రకు మీకు తెలిసిన వృత్తే ఇవ్వండి. తెలియని వృత్తి ఇవ్వాలనుకుంటే ఒక పూట వెళ్లి ఆ పని జరిగేచోట కూర్చుని చూడండి. కథల్లో "సాఫ్ట్‌వేర్ ఉద్యోగి" అని రాసి, ఆ ఉద్యోగంలో అతను ఏం చేస్తాడో ఒక్క వాక్యం కూడా రాయనివాళ్లు మనలో ఎంతమందో!

2. తన గురించి తాను చెప్పుకునే మాట ఒకటి, దానికి పొసగని పని ఒకటి

ప్రతి మనిషికీ తన గురించి నలుగురికీ చెప్పుకునే ఒక మాట ఉంటుంది. "నేను ఎవరి సొమ్మూ తినను", "నాకు మనసులో ఒకటి బయట ఒకటి ఉండదు" లాంటిది. మీ పాత్ర నోట ఆ మాట రాయండి. తర్వాత ఆ మాటకు పొసగని పని ఒకటి అతని చేత చేయించండి.

వీరభద్రం చెప్పుకునే మాట: "చదవకుండా ఎవరి చేతా సంతకం పెట్టించను." ఉత్తమాట కాదు, నిజంగానే అంతే. ముఖ్యంగా అన్నదమ్ములతో వచ్చి ఆడపిల్లలు హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టవలసి వచ్చినప్పుడు, మిగిలినవాళ్లను దూరంగా కూర్చోమని, కాగితం మొత్తం ఆమెకు చదివి వినిపిస్తాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి సవరణ చట్టం, 2005లో దేశమంతటికీ వర్తించిన సవరణ, ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానమైన వాటా ఇచ్చాయని వివరిస్తాడు. "ఆలోచించుకో తల్లీ, ఇది రాశాక వెనక్కి తీసుకోవడం సులువు కాదు" అంటాడు. అందుకని కొందరు అతని దగ్గరికి రావడం మానేశారు కూడా.

ఇక పొసగని పని. తండ్రి పోయాక మిగిలిన ఎకరంన్నర పొలంలో చెల్లెలు సుశీల తన వాటా వదులుకుంటున్నట్లు దస్తావేజు రాయవలసి వచ్చింది. రాస్తున్నది వీరభద్రమే. లబ్ధిదారూ అతనే.

ఇక్కడ చాలామంది జారిపడతారు. "అంటే ఇన్నాళ్లూ నటించాడన్నమాట, కపటి" అని తేల్చేస్తారు. అలా తేల్చేస్తే పాత్ర పని అయిపోయింది. ముసుగు, ముసుగు వెనక ముఖం. పాఠకుడు రెండోదాన్ని చూడగానే పుస్తకం మూసేయవచ్చు. రెండూ అతనివే అని మీరు నమ్మాలి. ఊళ్లో ఆడపిల్లల కోసం గిరాకీ పోగొట్టుకున్నవాడూ అతనే, చెల్లెలి వాటా రాయించుకుంటున్నవాడూ అతనే.

3. రెండింటికీ ఒకే వేరు వెతకండి

ఈ అడుగు దాటేస్తే పొసగని పని అతికించినట్లు ఉంటుంది, అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను. మంచి పని, చెడ్డ పని రెండూ మనిషిలోని ఒకేచోటి నుంచి రావాలి.

కర్ణుణ్ణి తీసుకోండి. అడిగినవాడికి కాదనకుండా కవచకుండలాలు కోసి ఇచ్చినవాడు, నిండు సభలో ద్రౌపదిని నోరారా అవమానించినవాడు ఒక్కడే. ఈ రెండు పనులూ చేసే మనిషిని కల్పించమంటే మనం తడబడతాం. కానీ భారతం చదువుతుంటే ఎక్కడా అసహజంగా ఉండదు. తనకంటూ ఒక స్థానం ఉందని లోకం చేత అనిపించుకోవాలన్న తపన రెండింటి అడుగునా ఉంది. దానం ఆ స్థానాన్ని నిలబెట్టుకోవడానికి, సభలో ఆ మాటలు ఆ స్థానం ఇచ్చినవాడి పక్షాన నిలబడటానికి. యుద్ధానికి ముందు కుంతి వచ్చి నిజం చెప్పినప్పుడు కూడా అతను దుర్యోధనుణ్ణి విడిచి రాడు, అలాగని తల్లిని వట్టి చేతులతోనూ పంపడు. అర్జునుణ్ణి తప్ప మిగిలిన నలుగురినీ చంపనని మాట ఇస్తాడు. ఎటు జరిగినా నీకు కొడుకులు ఐదుగురే ఉంటారంటాడు. ఆ మాటలో ఔదార్యం ఎంత, నిష్ఠురం ఎంత, ఎత్తిపొడుపు ఎంత? విడదీయడం నా వల్ల కాదు. అందుకే ఇన్ని శతాబ్దాలుగా అతని గురించి వాదించుకుంటున్నాం.

వీరభద్రానికి అలాంటి వేరు ఏమిటి? నాకు తోచింది ఇది: కాగితం మీద అంతా సక్రమంగా ఉంటే బతుకులో కూడా సక్రమంగా ఉన్నట్లే అని అతని నమ్మకం. పరాయి ఆడపిల్లకు కాగితం పూర్తిగా చదివి వినిపిస్తే న్యాయం జరిగినట్లే. చెల్లెలు ఇష్టపూర్వకంగా రాసిచ్చినట్లు కాగితంలో ఉంటే అదీ న్యాయమే. పొలం నాన్న ఉన్నప్పటి నుంచి తానే చూసుకున్నాడు, అప్పులు తానే తీర్చాడు, చెల్లెలి పెళ్లి ఖర్చు తానే పెట్టాడు. ఈ లెక్కలన్నీ అతని దగ్గర ఒక నోటుపుస్తకంలో తేదీలతో ఉన్నాయి. ఆ నోటుపుస్తకం ఎవరూ అడగలేదు. అయినా రాసుకున్నాడు.

మీ పాత్రకు వేరు దొరికిందో లేదో తెలుసుకోవడానికి ఒక వాక్యం రాయండి: "ఇతను ఫలానాది నమ్ముతాడు కాబట్టే ఆ మంచి పనీ చేశాడు, ఈ చెడ్డ పనీ చేశాడు." "కాబట్టే" దగ్గర కలం ఆగిపోతే వేరు ఇంకా దొరకలేదు. ఈ వాక్యాన్ని కథలో మాత్రం ఎక్కడా పెట్టకండి. అది మీ కోసం.

4. ఎటు తేల్చుకున్నా ఏదో ఒకటి పోయేచోట నిలబెట్టండి

మంచికీ చెడుకూ మధ్య ఎంచుకోవడంలో నాటకం తక్కువ. చెల్లెలి వాటా కాజేయడమా మానడమా అంటే జవాబు పాఠకుడికి ముందే తెలుసు. వీరభద్రం కూతురి పెళ్లి కుదిరింది, పొలం అమ్మితే తప్ప జరగదు, చెల్లెలి సంతకం లేకుండా కొనేవాడు ముందుకు రాడు అనుకోండి. సుశీలేమో అడగకముందే "నాకెందుకన్నయ్యా, నువ్వే ఉంచుకో" అంది. ఎందుకంది? ప్రేమతోనా, పుట్టింటి గడప తనకు తెరిచి ఉండాలనా, ఇంట్లో భర్తకు తెలిసేలోపే ముగించేయాలనా? ఆమె కూడా మనిషే కదా, ఆమెకూ రెండు కారణాలు ఉండనివ్వండి. ఇప్పుడు ఆమె మాట నమ్మితే తన నియమం పోతుంది, నమ్మకపోతే కూతురి పెళ్లి ఆగుతుంది, పైగా చెల్లెల్ని అవమానించినట్లూ అవుతుంది.

ఇప్పుడు సన్నివేశం రాయాలి. చేయి తిరగనివాళ్లు సాధారణంగా రాసేది ఇలా ఉంటుంది:

"సంతకం పెట్టడానికి చెల్లెలు కలం తీసుకోగానే వీరభద్రం గుండె కలుక్కుమంది. ఇన్నేళ్లూ ఊరందరి ఆడపిల్లలకూ న్యాయం చెప్పిన తాను సొంత చెల్లెలికి అన్యాయం చేస్తున్నానా అని మథనపడ్డాడు. కానీ కూతురి ముఖం కళ్లముందు మెదిలింది. మనసు రాయి చేసుకున్నాడు."

ఇందులో వ్యాకరణం తప్పు లేదు, భావమూ తప్పు కాదు. కానీ పాఠకుడికి చేయడానికి పనేమీ మిగలలేదు. మథనం ఉందని రచయితే చెప్పేశాడు, దాని రెండు కొసలూ చూపించాడు, ఎటు మొగ్గిందో కూడా చెప్పాడు. ఇప్పుడు దాన్నే ఇలా రాసి చూద్దాం:

"సుశీల కలం మూత తీసింది.
'ఆగు. చదవనీ' అన్నాడు వీరభద్రం.
'నువ్వు రాసిందేగా అన్నయ్యా. మళ్లీ చదవడం ఎందుకు?'
'చదవాలి. విను.'
గిరాకీలకు చదివే గొంతుతోనే మొదలుపెట్టాడు. ఎవరి ఒత్తిడీ బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా, స్వస్థబుద్ధితో. సుశీల గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ తల ఊపుతోంది. షెడ్యూలు దగ్గరికి వచ్చాక అతను ఆగాడు. ఉత్తరం హద్దు తప్పు పడింది. బోదె అని ఉండవలసినచోట డొంక అని ఉంది.
'ఇది మార్చాలి' అన్నాడు.
టైపు చేసే అమ్మాయి భోజనానికి వెళ్లింది. ఆమె వచ్చేసరికి రెండున్నర, కాగితం మళ్లీ తీసేసరికి మూడు దాటింది. లోపల ఆ రోజుకు వేళ అయిపోయిందన్నారు.
'రేపు వస్తాలే' అంది సుశీల.
'ఆటోకు ఉన్నాయా?'
'ఉన్నాయన్నయ్యా.'
అయినా జేబులోంచి వంద తీసి ఆమె సంచిలో పెట్టాడు."

ఆ పొలం అతని తండ్రిది. అందులోనే పెరిగాడు. హద్దులు రాయడంలో ఊళ్లో అతన్ని మించినవాడు లేడని మొదట్లోనే చెప్పుకున్నాం. అలాంటివాడు ఉత్తరం హద్దు ఎలా తప్పు రాయించాడు? కావాలనా? చేయి తడబడిందా? నిజంగా అది టైపు పొరపాటేనా? పట్టుకున్న తప్పును చేత్తో దిద్ది పక్కన చిన్న సంతకం పెట్టవచ్చు కదా, మొత్తం కాగితం మళ్లీ తీయించడం ఎందుకు? ఆ వంద రూపాయలు దేనికి? ఈ ప్రశ్నలేవీ సన్నివేశంలో లేవు. చదివినవాడి మనసులో పుడతాయి. అతని "మథనం" అనే మాట రాయలేదు, దాని బదులు ఒక మధ్యాహ్నం గడిచిపోయింది.

ఇది పని చేయడానికి ఒక షరతు ఉంది. హద్దులు రాయడంలో అతని నేర్పు గురించి ముందే, ఎప్పుడో మామూలుగా చెప్పి ఉండాలి. లేకపోతే పాఠకుడికి తప్పు తప్పుగానే కనిపిస్తుంది. లోతు సన్నివేశంలో పుట్టినట్లు కనిపిస్తుంది కానీ దాని సరుకు నాలుగు పేజీల ముందే దించి ఉంచాలి.

5. పాత్ర తన గురించి చెప్పుకోవచ్చు, మీరు ముద్ర వేయవద్దు

వివరణలు కొట్టేయమంటే కొందరు పాత్రల నోరు కట్టేస్తారు. అందరూ కిటికీలోంచి బయటికి చూస్తూ మౌనంగా ఉంటారు. అది కూడా ఒక రకం బద్ధకమే. మనుషులు మాట్లాడతారు, తమ పనులకు కారణాలు చెప్పుకుంటారు. ఆ కారణం ఒక సాక్ష్యం మాత్రమే, తీర్పు కాకూడదు.

గురజాడ నాటకం కన్యాశుల్కంలో వేశ్య మధురవాణి, పురుష వేషంలో వకీలు సౌజన్యారావు పంతులు దగ్గరికి వస్తుంది. లుబ్ధావధాన్లును కేసులోంచి బయటపడేసే కీలకం ఆమె దగ్గర ఉంది. అందుకు ఆమె అడిగే ధర ఒక ముద్దు. వేశ్యల గాలి సోకనివ్వని ఆ పెద్దమనిషి, నిరపరాధిని కాపాడటానికి చివరికి ఒప్పుకుంటాడు. అతను సిద్ధపడగానే ఆమే ఆపేస్తుంది. చెడని వాళ్లను చెడగొట్టవద్దని తల్లి చెప్పిందంటుంది. కారణం చెప్పేసింది కదా, అయినా మనకు అక్కడితో సరిపోదు. అతను ఒప్పుకున్న క్షణంలోనే ఆమె గెలిచింది, ఇక ముద్దు అక్కర్లేదా? అతని మీద గౌరవమా? తన మీద తనకున్న గౌరవమా? గురజాడ పక్కన నిలబడి ఏదీ చెప్పడు.

మీ రాతలో "నిజానికి", "లోలోపల", "తెలియకుండానే" అన్న మాటలు ఉన్నచోటల్లా గీత గీయండి. వాటి వెనక సాధారణంగా మీ ముద్ర ఉంటుంది. కొట్టేసి వాక్యాన్ని మళ్లీ చదవండి.

6. మారాలన్న నియమం ఏమీ లేదు

కథ చివరికి పాత్ర మారి తీరాలని శిక్షణ తరగతుల్లో నూరిపోస్తుంటారు. నాకు ఈ మాట మీద గురి లేదు. అదే నాటకంలో గిరీశం మొదట ఎలా ఉన్నాడో చివరా అలాగే ఉన్నాడు. ఎత్తంతా చిత్తయినా, పశ్చాత్తాపానికి బదులు "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అని వెళ్లిపోతాడు. అతను మారలేదు కాబట్టి ఆ మాటకు అంత బలం. వీరభద్రం మర్నాడు చెల్లెలి చేత సంతకం పెట్టించుకున్నా, పెట్టించుకోకపోయినా అతని లోతు అతనికి ఉంటుంది. మార్పు కథకు సంబంధించిన సంగతి.

ఇంగ్లీషు నవలాకారుడు ఇ.ఎం. ఫార్‌స్టర్ 1927లో కేంబ్రిడ్జిలో ఇచ్చిన ఉపన్యాసాల్లో పాత్రలను చదునైనవి, గుండ్రనివి అని రెండుగా విడదీశాడు. గుండ్రని పాత్రకు అతను పెట్టిన పరీక్ష మార్పు కాదు: నమ్మశక్యమైన రీతిలో మనల్ని ఆశ్చర్యపరచగలదా అన్నదే. చదును పాత్రలను అతను తీసిపారేయలేదు కూడా, వాటి ఉపయోగం వాటికి ఉందన్నాడు. టీ తెచ్చి ఇచ్చే కుర్రాడికి కూడా విషాద గాథ తగిలించనక్కర్లేదు. టీ తెచ్చి వెళ్లిపోనివ్వండి.

7. చుట్టూ ఉన్నవాళ్ల కళ్లతో చూడండి

ఇది త్వరగా చేయదగ్గ పని. మీ పాత్ర గురించి ముగ్గురు మనుషులు తలా రెండు వాక్యాలు చెబుతున్నట్లు రాయండి. వీరభద్రం భార్య: "ఊరందరికీ ఉచిత సలహాలు, ఇంటికి మాత్రం లెక్కలు." సుశీల: "మా అన్నయ్య నన్ను ఎప్పుడూ కసరలేదు." అతని దగ్గరికి రావడం మానేసిన రైతు: "ఆడవాళ్లను రెచ్చగొట్టే రకం." మూడూ ఒకే మనిషికి సరిపోవాలి, మూడూ ఒకేలా ఉండకూడదు. ఇంతలో ఒక ప్రమాదం పొంచి ఉంటుంది: వీరభద్రాన్ని మంచివాడిగా ఉంచడానికి నేరమంతా భార్య మీదికి నెట్టి, ఆమె చేత "మీ చెల్లెలికి ఇచ్చేస్తే మన పిల్ల గతేమిటి" అని సాధింపులు పలికించడం. ఇంటి ఆడవాళ్లను ఇలా వాడుకోవడం మన కథల్లో పాత రోగం. అలా చేసిన మరుక్షణం ఎంచుకునే భారం అతని భుజాల మీది నుంచి దిగిపోతుంది, అతనూ చదును అవుతాడు, ఆమె అంతకు ముందే అయింది.

8. పరీక్షలు

రాత పూర్తయ్యాక పేర్లు చెరిపేసి సంభాషణలు మాత్రమే చదవండి. ఎవరు మాట్లాడుతున్నారో తెలియకపోతే మనుషులు ఇంకా మీ గొంతుతోనే మాట్లాడుతున్నారు. వీరభద్రం "చదవాలి. విను" అంటాడు, అతని భార్య ఆ మాట ఆ తీరున అనదు.

తర్వాత, కథలో లేని ఒక సందర్భంలో అతన్ని ఊహించుకోండి. పెళ్లి భోజనంలో పక్కవాడి విస్తట్లో అప్పడం వేయడం మరిచిపోయారు. మన లేఖరి ఏం చేస్తాడు? నాకైతే వెంటనే తెలుస్తోంది: వడ్డించేవాణ్ణి పిలిచి చూపిస్తాడు, తన విస్తట్లోది తీసి ఇవ్వడు. మీ పాత్ర గురించి మీకు ఇలా తడుముకోకుండా తోచాలి.

ఆఖరిది, కొన్నాళ్లు ఆగి తిరగరాయడం. కన్యాశుల్కం మొదట 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని బాగా పెంచి, మార్పులు చేసి, 1909లో రెండో కూర్పు తెచ్చాడు. ఈనాడు మనం చెప్పుకునే మధురవాణి ఆ రెండో కూర్పులోని మధురవాణే. మొదటి ప్రతిలో పక్కన నిలబడ్డ మనిషి రెండో ప్రతిలో కథకు కేంద్రం దగ్గరికి రావచ్చు. మీ ప్రతిలో అలా అంచున ఉన్నవాళ్లు ఎవరో చూడండి. వీరభద్రం కథలో నాకు ఆ టైపు చేసే అమ్మాయి కనిపిస్తోంది. హద్దులు అతను చెప్పాడు, ఆమె కొట్టింది. బోదె అన్నాడో డొంక అన్నాడో విన్నది ఆమె ఒక్కతే, ఆ తప్పు మీద మాట పడేదీ ఆమె మీదే. ఈసారి ఆమెకు ఒక పేరు పెట్టి, మధ్యాహ్నం భోజనం నుంచి తిరిగివచ్చిన దగ్గర మొదలుపెట్టి రాస్తాను.